ఎదురొచ్చిన మాట

మా అమ్మాయికి కాకరకాయ కూరన్నా ‘హేటే’, లెక్కల మాస్టారన్నా ‘హేటే’! ఈ మాట ఇంత చవకైపోయిందేమిటని, దీని అప్పచెల్లెళ్లను చూద్దామని నిఘంటువు తీశాను.

‘అబ్హార్’కి లాటిన్ మూలంలో అర్థం ఒళ్లు జలదరించి వెనక్కి తగ్గడమట. ‘డిటెస్ట్’ అంటే దేవుణ్ణి సాక్షిగా పిలిచి శపించడం. వీధికుళాయి దగ్గర మనం విననిదేం కాదు!

‘అబామినేట్’ దగ్గర మాత్రం ఆగిపోయాను. అందులో ఉన్నది ‘ఓమెన్’, అంటే శకునం. చెడు శకునమని దేన్నైనా దూరంగా తోసెయ్యడం రోమన్ల మాట; అదే పోనుపోను ఇంగ్లీషులో పరమ ద్వేషమైంది. మధ్యయుగపు పండితులు శకునం సంగతి మరిచి, ‘మనిషికి దూరమైనది’ అని అర్థం చెప్పి, మధ్యలో ఓ ‘హెచ్’ ఇరికించారు. ఆ హెచ్ పలకాల్సిందేనని పట్టుబట్టే పంతుల్ని పెట్టి షేక్స్పియర్ ఓ నాటకంలో నవ్వించాడు కూడా.

నాకు నవ్వు రాలేదు. శకునం అనగానే మా మేనత్త గుర్తొచ్చింది. పద్ధెనిమిదేళ్లకే పసుపుకుంకాలు పోయిన మనిషి. నాన్న ఊరికి బయల్దేరితే చాలు, ఎవరూ చెప్పకుండానే వంటింటి తలుపు చాటుకి వెళ్లిపోయేది. ఆవిణ్ణి ద్వేషించినవాళ్లు మా ఇంట్లో ఒక్కరూ లేరనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

నీళ్ల చెంబు పట్టుకుని నాన్నకి ఎదురొచ్చేదాన్ని నేనే.