ఏరు, ఏటి, మధ్యలో ఓ బండి ర

కొవ్వూరులో మా మామ్మ "ఏటిగట్టు మీదకి పోకండర్రా" అనేది. 'ఏరుగట్టు' అని ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. గోదారి పక్కన పెరిగినవాళ్ళెవరూ అలా అనరు. ఆ సంగతి నాకెప్పుడూ వింతగా అనిపించలేదు, తెలుగు సెర్చ్ కోసం విభక్తులు వలిచే కోడ్ రాసేదాకా. 'ఊరి' ఇస్తే 'ఊరు' వచ్చింది. 'ఏటి' ఇస్తే 'ఏరు' రాలేదు. రెండూ 'రు'తో ముగిసే మాటలే. ఒకటి ఊరి అయితే రెండోది ఏరి ఎందుకు కాలేదు?

జవాబు మనం రాయడం మానేసిన అక్షరంలో ఉంది. ఆ మాట అసలు ఏఱు. మనకిప్పుడు ర, ఱ ఒకటే. 11వ శతాబ్దంలో, అవతలి గట్టున రాజమహేంద్రవరంలో భారతం రాసిన నన్నయకి అవి వేర్వేరు. తమిళంలో ఏరుని ఆఱు అంటారు, పాత రూపం యాఱు. మనం 'ఏటి' అనే చోట వాళ్ళు ఆఱ్ఱు అని రాస్తారు, మాటల్లో ఆత్తు అంటారు. ఆ జంట ఱకారమే మన దగ్గర 'ట' అయింది. నూఱు కూడా అంతే, అందుకే నూట పది అంటాం. ఊరులో ఉన్నది మామూలు ర.

ఇక మొదటి అచ్చు. యాఱుకి ఏరు, యానైకి ఏనుగు, యాండుకి ఏడు (సంవత్సరం), యాన్‌కి ఏను. ఒక్క మాటలో అయితే కాకతాళీయం అనుకోవచ్చు. వరసగా వస్తుంటే రెండింటి వెనకా ఓ మూలరూపం ఉండేదనుకోవాల్సిందే. అలాంటి రూపం ముందు భాషాశాస్త్రజ్ఞులు నక్షత్రం గుర్తు పెడతారు. ఎక్కడా రాసి దొరకలేదు, లెక్కగట్టి తేల్చాం అని దానర్థం. మూల స్లావిక్ మాటలకైనా, మూల ద్రావిడానికైనా అదే పద్ధతి. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961) ఈ చుట్టాలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టింది. అందులో గోండి, కొండ భాషల రూపాలు చూసి ఆగిపోయాను. వాళ్ళకి ఈ మాటంటే నది కాదు, నీళ్ళు.

మొత్తానికి రూల్ దొరికిందని మురిసిపోయాను: ఱ అయితే 'టి', ర అయితే 'రి'. ఆ నీళ్ళే దాన్ని ముంచాయి. నీరు, నీటి. తమిళంలో అది నీర్, మామూలు ర! చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఈ ఇ, టి, తి లకి ఔపవిభక్తికాలని పేరు పెట్టాడు. నాకు తోచేదేమంటే, ఏటి, నూట లాంటి చోట్ల ధ్వని మార్పుగా పుట్టిన 'ట', వాడగా వాడగా విడి ప్రత్యయంలా వినిపించి పక్క మాటలకీ అంటుకుని ఉంటుంది. మాట ఎక్కడ పుట్టిందో చెప్పే రూల్, అది ఎక్కడిదాకా పాకిందో చెప్పదు.

చివరికి కోడ్‌లో ఏరు, నీరు, నూరు, గోరు అని ఓ చిన్న పట్టిక పెట్టుకున్నాను. మామ్మకి ఆ పట్టిక అక్కర్లేకపోయింది. ఱ అక్షరం ఆవిడ ఎప్పుడూ రాసి ఉండదు. అయినా ఏటిగట్టు అన్నప్పుడల్లా దాన్ని పలికినట్టే. నక్షత్రం పెట్టాల్సిన మాటకీ మనకీ మధ్య మిగిలిన తాడు ఇలాంటి నోళ్ళే.

మొన్న కొవ్వూరు వెళ్తే మా మేనల్లుడు "మావయ్యా, ఏరుగట్టు మీదకి వెళ్దామా?" అన్నాడు. దిద్దబుద్ధి కాలేదు.

"ఏటిగట్టు మీదకేనా? పద" అన్నాను.