మాట మిగిలింది, రాత పోయింది

మా వీధిలో ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి ఉన్నారు. కోవిల్‌పట్టి ప్రాంతంవారు. బదిలీపై గుంతకల్లు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. కాని మా స్టేషను పలకపై తెలుగులో వ్రాసిన ఊరిపేరు చదవలేరు. "అయ్యవారూ, మా అవ్వకూ చదవను రాదు" అని నవ్వుతారు. తెలుగు పండితుడిగా జీవితం గడిపిన నేను చాలాకాలం ఆయనను 'అరవాయన' అనే అన్నాను. ఆ తప్పు దిద్దుకొనే యత్నమే ఈ వ్యాసం.

మా ఊరికి పడమట, పూట ప్రయాణంలో హంపి ఉంది. విజయనగర సేనల వెంట, వాటి వెనుక, 15, 16 శతాబ్దాలలో ఎన్నో తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలాయి. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధుర పాలకుడయ్యాడు. 1565లో రక్కసితంగడి యుద్ధంతో సామ్రాజ్యం చితికినా, మధుర నాయకుల ఏలుబడి 1736 వరకు సాగింది. వచ్చినవారిని తమిళులు 'వడుగర్' అన్నారు, ఉత్తరాదివారని అర్థం.

ఇట్టి ఘట్టమే బ్రిటన్‌లోనూ నడిచింది. క్రీ.శ. 410 ప్రాంతంలో రోమను పాలన తొలగగా, సముద్రం దాటి సాక్సనులు వచ్చి స్థిరపడ్డారు. విచిత్రమేమనగా, అక్కడ వలస వచ్చినవారే స్థానికులను 'పరాయివారు' అన్నారు. నేటి 'వెల్ష్' అన్న పేరుకు మూలం అదే. ఆ మాటకు క్రమంగా బానిస అనే అర్థం కూడ వచ్చింది. వెసెక్స్ రాజు ఐనీ శాసనాలలో బ్రిటను ప్రాణానికి కట్టిన వెల ఇంగ్లీషువాని వెలకంటె తక్కువ. అట్టిచోట తల్లిభాషను విడిచి ఏలికల భాషను పట్టడమే బ్రతుకుతెరువు. ఏవన్ వంటి నదుల పేర్లలో మాత్రం పాత పలుకు మిగిలింది.

మధురలో కథ తిరగబడింది. విశ్వనాథుని కుడిభుజమైన అరియనాథ మొదలియారు తమిళుడు. పాళెములు తెలుగువారికీ, స్థానిక మరవ నాయకులకూ కూడ దక్కాయి. తిరుమల నాయకుడు (1623-1659) మీనాక్షమ్మ కోవెలను ఆదరించి, ఆ నేల దైవానికే తలవంచాడు. తెలుగు రైతులు ఎక్కువగా కరిసల్ అనే నల్లరేగడి మెట్టలో ప్రత్తి పండించారు. ఏటి క్రింది వరిమళ్ళు చాలవరకు స్థానికులవే. పోరులు లేకపోలేదు, కాని తమిళునికి తన భాష విడువవలసిన అవసరం రాలేదు. కోవెల, సంత, బడి తమిళంలోనే సాగాయి. తెలుగు ఇంటి గడప లోపల నిలిచింది.

ఆ కరిసల్ నేలలో పుట్టిన తెలుగింటి బిడ్డ కి. రాజనారాయణన్ (1923-2021). తమవారి వలసగాథను 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలోనే వ్రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. మన కథ మనకు పొరుగువారి లిపిలో దక్కింది! ఇందులో నింద ఎవరిపైనా లేదు. ఆదరించిన భాషలో ఆయన వ్రాశారు.

కత్తి ఎవరి చేతిలో ఉన్నదన్నది ఒక్కటే భాష బ్రతుకును తేల్చదు. లెక్క, మ్రొక్కు, చదువు ఏ భాషలో సాగుతాయో అది నిలుస్తుంది.

మా పొరుగాయన ఈ మధ్య నావద్ద ఓనమాలు దిద్దుతున్నారు. అది చూసి మా మనుమడు, "తాతా, నాకూ ఇవి సరిగా రావు" అన్నాడు. వాడు పుట్టింది గుంతకల్లులోనే. ఏ వలసా పోకుండానే, మన గడపలోనే, మాట మిగిలి రాత పోతున్నది.

మిత్రులారా, మీ ఇండ్లలో ఎట్లున్నదో తెలుపగలరు.