లోయలో పుట్టిన డాలర్

1526 ఆగస్టు 29. హంగేరీలో మొహాచ్ మైదానం. సుల్తాన్ సులేమాన్ ఫిరంగులు గర్జించాయి. ఇరవై ఏళ్ల రాజు లూయీ పారిపోతూ వాగులో పడి ప్రాణం విడిచాడు. ఆయన తరఫున కత్తిపట్టిన బొహీమియా ప్రభువు స్టీఫన్ ష్లిక్ ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు. ఇంటికి శవం కూడా చేరలేదు.

కానీ ఆయన కొట్టించిన నాణెం అప్పటికే దేశాలు తిరుగుతోంది.

పదేళ్లు వెనక్కి వెళ్దాం. 1516. సాక్సనీ సరిహద్దు కొండల్లో, ష్లిక్ ఏలుబడిలోని ఒక లోయలో వెండి బయటపడింది. కబురు పాకింది. సుత్తులు, ఉలులు పట్టుకుని గని పనివాళ్లు తండోపతండాలుగా వచ్చిపడ్డారు. మేరీమాత తండ్రి యోఆఖిమ్ పేరిట ఆ చోటు యోఆఖిమ్స్‌టాల్ అయింది. టాల్ అంటే లోయ.

నేల ప్రభువుదే అయినా నాణెం ముద్రించే హక్కు రాజుది. 1520 జనవరిలో బొహీమియా సభ అనుమతినిచ్చింది. ఒకవైపు సెయింట్ యోఆఖిమ్, రెండోవైపు బొహీమియా సింహం, దాదాపు 29 గ్రాముల బరువు. 'యోఆఖిమ్స్‌టాలర్' అనడానికి వర్తకులకు తీరికెక్కడిది? టాలర్ అన్నారు. అదే హాలెండులో డాల్డర్, ఇంగ్లిషువాళ్ల నోట డాలర్. స్పెయిన్ వెండి పెసోను కూడా అమెరికా వలసల్లో డాలరనే పిలిచారు. 1785లో అమెరికా కాంగ్రెస్ ఆ పేరునే ఖాయం చేసింది. ఇప్పుడది కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, జమైకా, నమీబియాలదీ.

ఈ కథ చెప్పేవాళ్లు ప్రభువు దగ్గరే ఆగిపోతారు. నాకు చెప్పాలనిపించేది సొరంగంలోకి దిగినవాళ్ల గురించి. 1525లో వాళ్లు తిరగబడ్డారు. 1527లో ఆ ఊరికి వైద్యుడిగా వచ్చిన అగ్రికోలా వాళ్ల బతుకును దగ్గర నుంచి చూశాడు. గని దుమ్ము ఊపిరితిత్తుల్ని ఎలా తినేస్తుందో తన గనుల గ్రంథంలో రాశాడు. అది ఆయన పోయిన మరుసటేడు, 1556లో అచ్చయింది.

అయితే చంపింది దుమ్మొక్కటే కాదు. వెండితోపాటు తగిలే నల్లరాయిని పనికిరాదని పారేసేవారు. 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనిపెట్టింది ఆ ఊరి నల్లరాయిలోనే. ఆ రాయి నుంచి వెలువడే రేడాన్ వాయువు సొరంగాల గాలిలో నిండి ఉండేదని, తరతరాల గని పనివాళ్లను ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు బలిచేసింది అదేనని 20వ శతాబ్దంలో గానీ తేలలేదు.