అందరి సొత్తుగా నిలిచిన వెబ్: బ్రౌజర్ల చరిత్ర

పింఛను వివరాలు చూసుకోవాలన్నా, రైలు టిక్కెట్టు తీసుకోవాలన్నా మనలో చాలామందిమి నేడు బ్రౌజరు తెరుస్తున్నాం. దాని ద్వారా మనం చేరే వెబ్‌కు యజమాని అంటూ ఎవరూ లేరు. ఇది దానంతట అది జరిగింది కాదు. 30 ఏళ్లకు పైగా ఎందరో పాటుపడితే నిలిచింది. ఆ చరిత్రను సభ్యులు తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో తన పై అధికారికి ఒక ప్రతిపాదన సమర్పించారు. వేర్వేరు కంప్యూటర్లలోని పత్రాలను ఒకదానితో ఒకటి ముడివేసి, ఎక్కడివారైనా చదువుకునేలా చేయడం దాని సారాంశం. స్పష్టత లేకున్నా ఆసక్తికరంగా ఉందని ఆ అధికారి దానిపై రాశారు. ఫైలును తిప్పి పంపకపోవడం ఎంత మేలు చేస్తుందో ఉద్యోగం చేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

అప్పట్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారి గోఫర్ అనే ఏర్పాటుకు వెబ్ కంటే ఎక్కువ ఆదరణ ఉండేది. 1993 తొలి నెలల్లో గోఫర్ సర్వరుకు కొందరి నుంచి రుసుము తీసుకుంటామని ఆ విశ్వవిద్యాలయం ప్రకటించగా, వాడేవారు వెనుకాడారు. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్ సాఫ్ట్‌వేరును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. గోఫర్ క్రమంగా మరుగున పడింది, వెబ్ ప్రపంచమంతా వ్యాపించింది.

1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన మొజాయిక్ బ్రౌజరు, 1994లో నెట్‌స్కేప్, 1995లో మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. విండోస్‌తో పాటే ఇవ్వడం వల్ల ఎక్స్‌ప్లోరర్ మిగిలినవాటిని వెనక్కి నెట్టింది. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌పై దావా వేసింది. పోటీ లేకపోతే ఏమవుతుందో త్వరలోనే తెలిసింది. 2001లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6 తరువాత, 7వ రూపం రావడానికి ఐదేళ్లు పట్టింది. ఈలోగా ఎన్నో కార్యాలయాలు ఆ ఒక్క బ్రౌజరులోనే పనిచేసేలా తమ సైట్లు కట్టుకున్నాయి.

ఓడిపోతున్న నెట్‌స్కేప్ 1998 మార్చి 31న తన సోర్సు కోడును బహిరంగపరిచింది. దానిపై స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి శ్రమించగా 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ వెలువడింది. డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో దాని ప్రకటనకు వేలాది మంది సామాన్యులు చందాలు వేసుకున్నారు. ఎవరైనా అదనపు సౌకర్యాలు జోడించుకునే వీలు ఫైర్‌ఫాక్స్‌లో ఉంది. మన తెలుగు పత్రికలు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడుతున్న ఆ రోజుల్లో, ఆ అక్షరాలను యూనికోడులోకి మార్చి చూపే 'పద్మ' అనే ఉపకరణం ఫైర్‌ఫాక్స్‌కు తోడైంది. తలుపు తెరిచి ఉంటే చిన్న భాషలవారికీ చోటు దొరుకుతుందనడానికి ఇదే నిదర్శనం.

2008లో గూగుల్ వారి క్రోమ్ వచ్చింది. వేగంలోనూ, భద్రతలోనూ మేలైనదిగా పేరు తెచ్చుకుంది. 2020లో మైక్రోసాఫ్ట్ కూడా తన ఎడ్జ్ బ్రౌజరును క్రోమ్‌కు మూలమైన క్రోమియంపైనే నిర్మించింది. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్ విరమణ పొందింది. అదే ఏడాది ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా సంస్థలు 'ఇంటరాప్' పేరిట చేతులు కలిపాయి. ఒకే పేజీ అన్ని బ్రౌజర్లలో ఒకేలా కనబడేలా చూడడం దీని ధ్యేయం. పోటీదారులు ఒకే బల్ల ముందు కూర్చోవడం హర్షించదగినది.

అయినా నిశ్చింతగా ఉండరాదు. క్రోమియం అందరికీ అందుబాటులో ఉన్నదే అయినా, అత్యధికులు వాడే బ్రౌజర్లన్నీ దానిపైనే ఆధారపడితే వెబ్ నియమాలు ఒక్కచోటే నిర్ణయమయ్యే ప్రమాదముంది.

మనం చేయగలిగినవి రెండున్నాయి. ఇంట్లో రెండు రకాల బ్రౌజర్లు ఉంచుకుని రెండూ వాడాలి. ఏ కార్యాలయపు సైటైనా ఒక్క బ్రౌజరులోనే తెరుచుకుంటుంటే, సరిచేయమని రాతపూర్వకంగా అడగాలి. అర్జీ రాయడం మనకు కొత్త కాదు కదా!