పారోస్ పాలరాయి: తేదీలు చెప్పేదీ, చెప్పనిదీ

చరిత్ర అంటే తేదీలు కాదని మనం తరచూ అంటూ వుంటాం. రాజుల పేర్లూ, యుద్ధాల సంవత్సరాలూ బట్టీ పట్టించే పాఠ్యపుస్తకాల మీద విసుగుతో వచ్చే మాట అది. ఆ విసుగు న్యాయమైనదే. కానీ అందులో ఒక ప్రమాదం కూడా వుంది. తేదీలను పక్కకు నెట్టేస్తే వాటిని ఎవరు వేశారు, ఎక్కడి నుంచి లెక్కపెట్టారు, దేనికి వేసి దేన్ని వదిలేశారు అనే ప్రశ్నలను కూడా పక్కకు నెట్టేస్తాం. కాలక్రమం తటస్థమైనదనీ, వ్యాఖ్యానం మొదలైన చోటనే వర్గదృష్టి ప్రవేశిస్తుందనీ చదువుకున్నవాళ్లలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిలబడుతుందో చూడటానికి నేనిక్కడ ఒక రాతిని తీసుకుంటున్నాను. వ్యాఖ్యానం దాదాపు లేకుండా తేదీలతోనే నిండిన రాయి అది.

ఏజియన్ సముద్రంలోని సిక్లడీస్ దీవుల్లో పారోస్ ఒకటి. పాలరాతికి పేరుమోసిన దీవి. క్రీ.పూ. 264-63లో అక్కడ ఎవరో ఒక పెద్ద పాలరాతి పలక మీద గ్రీకు భాషలో ఒక కాలపట్టిక చెక్కించారు. ఆయన పేరు మనకు దక్కలేదు. రకరకాల రికార్డుల నుంచీ, చరిత్రల నుంచీ సేకరించి, ఏథెన్స్ తొలి రాజు కెక్రాప్స్‌తో మొదలుపెట్టి, ఏథెన్స్‌లో డయోగ్నెటస్ ఆర్కన్‌గా వున్న ఏడాది వరకు కాలాలను రాశానని మొదటి పంక్తుల్లో చెప్పుకున్నాడు. ఆర్కన్ అంటే ఏటేటా మారే పాలనాధికారి. ఏథెన్స్ వాళ్లు సంవత్సరాన్ని అతని పేరుతోనే గుర్తుపెట్టుకునేవారు.

ఈ శాసనంలో నూటికి పైగా నమోదులున్నాయి. దాదాపు అన్నిటిదీ ఒకే మూస: ఫలానాది జరిగినప్పటి నుంచి ఇన్నేళ్లు, అప్పుడు ఏథెన్స్‌లో ఫలానావాడు రాజు, లేదా ఆర్కన్. అంటే చెక్కించినవాడు తాను నిలబడిన ఏడాది నుంచి వెనక్కి లెక్కపెట్టాడు. కెక్రాప్స్‌కు 1318 ఏళ్లు, ట్రాయ్ పతనానికి 945, మారథాన్ యుద్ధానికి 227. మన లెక్కలోకి మారిస్తే ఇవి వరుసగా క్రీ.పూ. 1581, 1209, 490 దరిదాపులకు వస్తాయి.

ఈ రాయి ఐరోపా పండితుల చేతికి ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 17వ శతాబ్దం తొలి దశకాల్లో దాని రెండు ముక్కలు స్మిర్నాలో, అంటే నేటి టర్కీలోని ఇజ్మీర్‌లో, బేరానికి వచ్చాయి. ఫ్రెంచి పండితుడు పైరెస్క్ తరఫు మనిషి వాటిని ముందు సంపాదించాడు. అయితే చివరకు అవి ఇంగ్లండులోని ఆరండెల్ ప్రభువు టామస్ హోవర్డ్ తరఫున ప్రాచీన వస్తువులు కొంటూ తిరిగే విలియం పెట్టీ చేతిలో పడ్డాయి. 1627లో లండన్ చేరాయి. 1628లో జాన్ సెల్డన్ వాటి పాఠాన్ని పుస్తకంలో అచ్చువేశాడు. అదే ఏడాది పార్లమెంటులో రాజు అధికారాలకు హద్దు గీసిన హక్కుల విజ్ఞాపన వెనక వున్నవాళ్లలో ఈ సెల్డన్ ఒకడు.

తర్వాతి కథ విచారకరమైనది. 1640ల అంతర్యుద్ధ కాలంలో ఆరండెల్ ప్రభువు ఇంట్లో వున్న ఆ రాయి పైభాగం మాయమైంది. పొయ్యిగూడు మరమ్మతుకు వాడేశారని చెబుతారు. 1900 ఏళ్లు మట్టినీ, భూకంపాలనూ తట్టుకున్న రాయి, దాన్ని కొన్న ప్రభువు ఇంట్లో రెండు దశాబ్దాలు నిలవలేకపోయింది. మిగిలిన భాగాన్ని 1667లో ఆ ప్రభువు మనవడు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. అది ఇప్పుడు అక్కడి ఆష్మోలియన్ మ్యూజియంలో వుంది. పోయిన 45 పంక్తులు సెల్డన్ రాసుకున్న ప్రతి ద్వారానే మనకు తెలుసు. 1788లో జోసెఫ్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఈ శాసనమే నకిలీ కావచ్చునని పుస్తకం రాస్తే, రిచర్డ్ పోర్సన్ వంటి గ్రీకు పండితులు ఖండించారు. 1897లో పారోస్ దీవిలోనే ఇంకొక ముక్క దొరికింది. అలెగ్జాండర్ గద్దెకెక్కిన కాలం నుంచి క్రీ.పూ. 299-98 దాకా నడిచే ఆ ముక్క పారోస్ మ్యూజియంలోనే వుంది. రాయి పుట్టిన ఊళ్లో మిగిలింది అదొక్కటే.

ఇక రాయి మీద ఏముందో చూద్దాం.

పట్టిక తొలి భాగం నిండా పురాణమే. డ్యూకాలియన్ కాలపు జలప్రళయం, ఏరిస్, పొసైడన్ దేవతలు న్యాయస్థానానికి ఎక్కిన వ్యాజ్యం, డెమీటర్ దేవత ఏథెన్స్‌కు వచ్చి ధాన్యం ఇవ్వడం, వీటన్నిటికీ సంవత్సరాలున్నాయి. ట్రాయ్ పతనానికైతే సంవత్సరం చాలలేదు. థార్గీలియన్ మాసం చివరి నుంచి ఏడవ రోజు అని తిథితో సహా వుంది. దేవతల వ్యాజ్యానికీ, మారథాన్ యుద్ధానికీ ఒకే మూస, ఒకే గొంతు. పాఠకుడు ఎక్కడ పురాణంలోంచి చరిత్రలోకి అడుగుపెట్టాడో తెలియదు.

సంఖ్య కచ్చితంగా వున్నంత మాత్రాన సత్యం కచ్చితంగా వున్నట్టు కాదు. ఆర్గోస్ రాజు ఫైడన్ ఈజినాలో వెండి నాణేలు ముద్రించాడని ఈ రాయి క్రీ.పూ. 9వ శతాబ్దం మొదట్లో నమోదు చేసింది. తవ్వకాల్లో దొరికిన నాణేల సాక్ష్యం ప్రకారం ఈజినా నాణేలు క్రీ.పూ. 6వ శతాబ్దం కంటే వెనక్కి పోవు. అంటే దాదాపు 300 ఏళ్ల తేడా. ఈ తేడా చిన్న విషయం కాదు. నాణెం పుట్టాలంటే దానికి తగిన వర్తకం, మిగులు, అప్పుల వ్యవస్థ ఎదిగి వుండాలి. ఆ ఎదుగుదలను చూడకుండా ఒక రాజు పేరుకు నాణేన్ని తగిలిస్తే తేదీ ఎంత దూరమైనా జారిపోతుంది. ఆర్థిక చరిత్ర రాజుల జాబితాకు వేలాడదు.

ఇటువంటి లెక్కలు ఒక్క గ్రీసులోనే వున్నాయనుకోనక్కరలేదు. క్రీ.శ. 634-35 నాటి ఐహోళె శాసనం భారతయుద్ధం జరిగి 3735 ఏళ్లయిందని చెక్కింది. ఆ సంఖ్య 7వ శతాబ్దపు పండితుల నమ్మకానికి సాక్ష్యం. యుద్ధానికి సాక్ష్యం కాదు. పారోస్ రాయినీ అలాగే చదవాలి. డ్యూకాలియన్ గురించి అది మనకేమీ చెప్పదు. క్రీ.పూ. 264లో చదువుకున్న ఒక గ్రీకువాడు తన గతాన్ని ఎలా చూడదలిచాడో చాలా చెబుతుంది.

పురాణం సంగతి అలా వుంచి, చారిత్రక కాలంలోకి వద్దాం. హర్మోడియస్, అరిస్టోగైటన్ అనే ఇద్దరు హిపార్కస్‌ను చంపారు. పిసిస్ట్రాటస్ తర్వాత అధికారానికి వచ్చినవాడు హిపార్కస్ అని రాయి అంటుంది. ఆ హత్యనూ, ఆ నిరంకుశ కుటుంబాన్ని ఏథెన్స్ ప్రజలు వెళ్లగొట్టడాన్నీ ఒకే నమోదులో, ఒకే సంవత్సరంలో, క్రీ.పూ. 511-10లో కలిపేసింది. ఇది తప్పని అప్పటికి ఒకటిన్నర శతాబ్దం ముందే థుసిడిడీస్ వాదించాడు. అధికారంలో వున్నవాడు అన్న హిప్పియస్; చచ్చినవాడు తమ్ముడు. హత్య జరిగింది 514లో. దాని తర్వాత నిరంకుశత్వం ఇంకా కఠినమై, నాలుగో ఏట స్పార్టా సైన్యం సాయంతో గానీ కూలలేదు. అంటే విమర్శకుడి మాట పుస్తకంలో వుండిపోయింది. జనంలో చెలామణి అయిన కథ పాలరాతికెక్కింది. ఇద్దరు వీరుల కత్తిపోటుతో వ్యవస్థ కూలిందనే కథ చెప్పుకోవడానికి తేలిక. అధికారం నిజంగా ఎలా మారిందనే ప్రశ్నను ఆ కథ మింగేస్తుంది.

సాహిత్యకారులుగా మనకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి వుంది. ఈ పట్టికలో కవులకు పెద్దపీట వేశారు. హీసియడ్, హోమర్ వున్నారు. థెస్పిస్ నాటకం, దానికి బహుమానంగా పెట్టిన మేకపోతు వున్నాయి. మారథాన్‌లో ఎస్కిలస్ తన 35వ ఏట పోరాడాడని వుంది. సోఫోక్లిస్ 28వ ఏట గెలుపొందాడని వుంది. గ్రీకు నాటక చరిత్ర రాసేవాళ్లకు ఈ తేదీలు ఎంతో విలువైనవి. ఆ విలువను నేను తక్కువ చేయను. రాజుల పక్కన కవికి రాతి మీద చోటివ్వడం కూడా మెచ్చుకోదగినదే.

కానీ ఏ కవికి, ఏ రూపంలో చోటు దొరికింది? కవి ఇక్కడ పుట్టేవాడు, గెలిచేవాడు, చచ్చేవాడు. ఏం రాశాడు, ఎవరిని నొప్పించాడు అనేది లేదు. సోక్రటీస్ తత్వవేత్త 70 ఏళ్లు బతికి చనిపోయాడని వుంది. ఏథెన్స్ న్యాయస్థానం ఆయనకు విషం తాగించిందని లేదు. ‘చనిపోయాడు’ అనే మాట అబద్ధం కాదు. కానీ చంపినవాళ్లను ఆ మాట దాచేసింది.

వదిలేసినవాటి జాబితా ఇంకా పెద్దది. డ్రాకో శాసనాలు లేవు. రైతుల అప్పులు రద్దు చేసి, అప్పుకింద మనుషుల్ని బానిసలుగా పట్టుకుపోవడాన్ని ఆపిన సోలన్ సంస్కరణలు లేవు. క్లైస్తెనిస్ లేడు. పెరిక్లిస్ లేడు. 27 ఏళ్లపాటు గ్రీకు ప్రపంచాన్ని చీల్చిన పెలొపొనీషియన్ యుద్ధం లేదు. ఉత్సవాలున్నాయి, పోటీలున్నాయి; భూమి, అప్పు, ఓటు లేవు.

ఒక్కచోట మాత్రం రాయి అనుకోకుండా నోరు జారింది. కవయిత్రి సాఫో మిటిలీనీ నుంచి ప్రవాసిగా సిసిలీకి వెళ్లిన నమోదులో, అప్పుడు సిరక్యూస్‌లో అధికారం గామొరాయ్ చేతిలో వుందని చెక్కారు. గామొరాయ్ అంటే భూములు పంచుకున్నవాళ్లు, భూస్వాములు. పాలకవర్గాన్ని పాలకవర్గంగా పేర్కొన్న అరుదైన చోటు ఇది. అయితే అక్కడా ఆ మాట వచ్చింది సంవత్సరాన్ని గుర్తించడానికే. తర్వాత ఏమైందో హెరొడోటస్ చెబుతాడు. సిరక్యూస్ సామాన్యులూ, కిలీరియాయ్ అని పిలిచే వాళ్ల సొంత బానిసలూ కలిసి ఈ భూస్వాములను వెళ్లగొట్టారు. వాళ్లను తిరిగి తెచ్చే నెపంతో గెలోన్ సిరక్యూస్‌ను చేజిక్కించుకున్నాడు. పారోస్ రాయి మీద గెలోన్ నిరంకుశుడు అయిన సంవత్సరం వుంది. కిలీరియాయ్ తిరగబడిన సంవత్సరం లేదు. కారణం లేకుండా ఫలితం ఒక్కటే మిగిలింది.

సలామిస్ నౌకాయుద్ధం విషయమూ అంతే. ఆ విజయానికి తేదీ వుంది. గెలిపించిన ఓడలను లారియన్ వెండితో కట్టారు. ఆ వెండిని గనుల్లోంచి తీసినవాళ్లు బానిసలు. తర్వాతి యుద్ధంలో ఏథెన్స్ నుంచి 20 వేలకు పైగా బానిసలు పారిపోయారని థుసిడిడీస్ రాశాడు. ఆ యుద్ధమే రాతి మీద లేనప్పుడు పారిపోయినవాళ్లు ఎక్కడుంటారు?

అసలు ఆ రాయి ఎక్కడిది? పారోస్ మేలురకం పాలరాతిని కొండ కడుపులో సొరంగాలు తొలిచి, దీపాల వెలుగులో కోసేవారు. అందుకే దానికి దీపం పేరుతో ‘లిక్నైటిస్’ అనే పేరు వచ్చిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. సొరంగంలో రాయి కోసినవాడి పేరు కెక్రాప్స్ నుంచి డయోగ్నెటస్ దాకా 1318 ఏళ్ల పట్టికలో ఎక్కడా వుండదు.

ఈ శాసనానికి తెలుగు నేలతో నిజమైన సంబంధం ఒకటి వుంది. 1897లో దొరికిన ముక్క మీద ఈజిప్టు రాజు టాలెమీ కొడుకు కోస్ దీవిలో పుట్టిన సంవత్సరం, క్రీ.పూ. 309-08, నమోదైంది. ఆ పుట్టినవాడే రెండో టాలెమీ. రాయి చెక్కిన నాటికి ఈజిప్టును ఏలుతున్నవాడు అతనే. ఆ దీవుల మీద కూడా అతని పలుకుబడే నడిచేది. మాసిడోనియా రాజు ఆంటిగొనస్ గొనటాస్ అతని ప్రత్యర్థి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఏథెన్స్ ఆ ఆంటిగొనస్‌తో తలపడి, ఓడి, స్వతంత్రం పోగొట్టుకుంటూ వుంది. ఏథెన్స్ రాజుల వరుసతో ప్రపంచ కాలాన్ని కొలిచిన రాయి, ఏథెన్స్ పతనం అంచున పుట్టింది. అసలు అధికారం చేజారుతున్నప్పుడే పాత వైభవానికి తేదీలు వెతకడం ఎక్కువవుతుంది.

ఈ ఇద్దరు రాజుల పేర్లూ కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద వున్నాయి. అక్కడి అశోకుడి పద్నాలుగు శాసనాల్లో పదమూడవది పేర్కొన్న ఐదుగురు యవన రాజుల్లో టాలెమీ, ఆంటిగొనస్ వున్నారు. వీళ్ల పాలనాకాలాల ఆధారంగానే అశోకుడి కాలం నిర్ణయమైంది. అదే శాసనంలో ఆంధ్రుల పేరూ వుంది. మన ప్రాంతపు ప్రాచీన చరిత్రకు తొలి గట్టి తేదీ ఇలా రెండు దేశాల రాతి సాక్ష్యాలను పక్కపక్కన పెడితే వచ్చింది. చరిత్రకారుడికి తేదీ అవసరం లేదనేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఆ శాసనం కళింగలో లక్షమంది చచ్చారనీ, లక్షన్నరమందిని చెరపట్టి తీసుకుపోయారనీ లెక్క చెబుతుంది. పారోస్ రాయి చేయని పని అది. అయినా దాన్ని చూసి మురిసిపోనక్కరలేదు. అదే శాసనంలో అడవిజాతులకు రాజు తన శిక్షాశక్తిని గుర్తుచేస్తాడు. దెబ్బతిన్న కళింగలోని ధౌలి, జౌగడల్లో ఆ పదమూడో శాసనాన్నే చెక్కించలేదు. చచ్చినవాళ్ల లెక్క వాళ్ల బంధువుల కంటబడకుండా వుంచారు.

కాబట్టి కాలక్రమం తటస్థమైనదనే మాట నిలవదు. అలాగని దాన్ని పారేయడమూ పరిష్కారం కాదు. పారోస్ రాయిని పారోస్ రాయితో మాత్రమే చదివితే ఉత్సవాలూ బహుమతులూ కనిపిస్తాయి. థుసిడిడీస్‌నూ హెరొడోటస్‌నూ, తవ్వకాల్లో దొరికిన నాణేలనూ, గనుల సొరంగాలనూ పక్కన పెట్టుకుని చదివితే ఆ పంక్తుల మధ్య ఖాళీలు కనిపిస్తాయి. ఆ ఖాళీల్లో ఏ సంవత్సరం ఎవరు తిరగబడ్డారో, ఎవరు పారిపోయారో, ఎవరిని చంపారో సాక్ష్యాధారాలతో నింపడమే చరిత్ర రచన. పురాణానికి తిథి కట్టి చరిత్ర అని నమ్మించే పనికి ఏ కాలంలోనూ మనుషులు కరువు లేరు. ఆధారం అడిగే అలవాటునూ, వదిలేసినవాళ్లను వెతికే అలవాటునూ వాళ్లకు ఎదురుగా నిలబెట్టాలి. ఆ రెండూ కలిసి వుండాలి. ఆధారం లేని సానుభూతి మరో పురాణం అవుతుంది. సానుభూతి లేని ఆధారం మరో రాజుల జాబితా అవుతుంది.