ఖాళీగా వదిలిన గళ్లు

1963 జులై 26న నెహ్రూ పోచంపాడులో గోదావరి మీద ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. ఆర్మూర్ నుంచి నిర్మల్ దారి పడితే తగిలే శ్రీరాంసాగర్ అదే. ఆ కాలపు నక్షాలు ట్రేసింగ్ గుడ్డ మీద, టీ-స్క్వేర్ ఆన్చి, సిరాతో గీసినవి. తప్పు పడితే బ్లేడుతో గీకి మళ్లీ గీయాల్సిందే. సరిగ్గా ఆ ఏడాది జనవరిలోనే అమెరికాలోని ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ అనే పాతికేళ్లు నిండని కుర్రాడు స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం మీద థీసిస్ ఇచ్చాడు. మనిషి కంప్యూటర్ తెర మీద నేరుగా గీత గీసే పద్ధతికి అది పెద్ద మలుపు.

స్కెచ్‌ప్యాడ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది చేతుల పంపకం. కుడి చేతిలో లైట్ పెన్ను, ఎడమ చేతి కింద బొత్తాల పెట్టె. ఎక్కడ అన్నది పెన్ను చూపిస్తుంది, ఏం చేయాలన్నది బొత్తాం చెబుతుంది: గీయి, జరుపు, చెరిపేయి. ఇవాళ ఆర్మూర్‌లో ఇంటి ప్లాన్ గీసే డ్రాఫ్ట్స్‌మన్ కుడి చేత్తో మౌసు పట్టి, ఎడమ చేత్తో కీబోర్డు నొక్కే పద్ధతికి మూలం అక్కడుంది. కాకపోతే ఆ బొత్తాలకు అర్థాలు పెట్టింది ఆ యంత్రం మీద ప్రోగ్రాం రాసిన మనిషే. గీసేవాడు తన వీలు కొద్దీ వాటిని మార్చుకోవడమన్న మాట ఇంకా పుట్టలేదు.

అది మామూలు డ్రాఫ్ట్స్‌మన్ చేతికి అందింది 1980లలో. అప్పటిదాకా క్యాడ్, అంటే కంప్యూటర్‌తో డిజైన్ గీయడమంటే, విమానాలు, కార్లు చేసే పెద్ద కంపెనీలు కొనుక్కునే ఖరీదైన సరంజామా. 1982లో జాన్ వాకర్, డాన్ డ్రేక్, మరికొందరు ప్రోగ్రామర్లు తలా కొంత డబ్బు వేసుకుని ఆటోడెస్క్ పెట్టారు. మైక్ రిడిల్ అంతకుముందే రాసుకున్న ఇంటరాక్ట్ అనే ప్రోగ్రాంను తీసుకుని, మామూలు మైక్రో కంప్యూటర్ మీద నడిచేలా మలిచి, ఆ నవంబరులో లాస్ వేగాస్‌లోని కామ్‌డెక్స్ ప్రదర్శనలో ఆటోక్యాడ్‌గా చూపించారు. ధర వెయ్యి డాలర్లు.

చౌకగా అమ్మితే అన్ని వృత్తులవాళ్లూ కొంటారు. పైపుల వాడికి వాల్వు గుర్తులు కావాలి, కరెంటు వాడికి స్విచ్చులు, ఇళ్లు కట్టేవాడికి దర్వాజాలు, కిటికీలు. గుప్పెడు మంది ఉన్న కంపెనీ ఎవరెవరి అవసరమని తీరుస్తుంది? అందుకే మెనూను ప్రోగ్రాం కడుపులో దాచకుండా విడిగా మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంచారు. ఎడిటర్‌లో తెరిచి ఎవరైనా తిరగరాసుకోవచ్చు. అందులో సెమీకోలన్ పెడితే ఎంటర్ కొట్టినట్టు, వెనక్కి వాలిన గీత పెడితే మౌసు క్లిక్కు కోసం ఆగినట్టు. ప్రతి వరసకూ మొదట్లో, అప్పట్లో రద్దుకు వాడే కంట్రోల్-సి రెండుసార్లు రాయడం ఆనవాయితీ. కొలతలు వేసే కమాండ్ లోపల చిక్కుకుంటే ఒక్క రద్దుతో బయటపడలేం మరి. విండోస్ వచ్చాక రద్దు పని ఎస్కేప్ మీటకు పోయింది, కంట్రోల్-సి కాపీకి దక్కింది. అయినా మెనూ వరసల్లో ఆ పాత జంట ఇప్పటికీ రద్దుకే గుర్తు.

డిజిటైజర్ పలక కథ ఇంకా బాగుంటుంది. బల్ల మీద పలక, దాని మీద గళ్లు కొట్టిన ప్లాస్టిక్ కాగితం. గడి మీద పెన్ను పెట్టి నొక్కితే ఆ కమాండ్ నడుస్తుంది. కంపెనీ ఇచ్చిన నమూనాలో పై భాగంలో 25 నిలువు వరసలు, 9 అడ్డ వరసలు, మొత్తం 225 గళ్లు ఖాళీగా ఉండేవి. నీకు కావలసింది నువ్వే నింపుకో అని. వస్తువు అమ్ముతూ అందులో ఇంత జాగా కొన్నవాడికే వదిలేసిన వ్యాపారులు నాకు పెద్దగా కనపడరు.

1985లో వచ్చిన ఆటోక్యాడ్ 2.1 కూర్పులో వేరియబుల్స్, లెక్కలు చేరాయి. 1986 జనవరిలో 2.18తో ఆటోలిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష పూర్తి రూపంలో వచ్చింది. డేవిడ్ బెట్జ్ రాసిన ఎక్స్‌లిస్ప్ దానికి పునాది. లిస్ప్ అనే కృత్రిమ మేధ పరిశోధకుల భాష కాస్తా డ్రాఫ్ట్స్‌మన్ల చేతిలో పడింది. తొమ్మిదించుల గోడ, దానికి ఆనుకుని నాలుగున్నర ఇంచుల అడ్డగోడ, మూలలో పిల్లర్: ఇవన్నీ ఒక్క పేరుతో పిలిస్తే గీసిపెట్టే కమాండ్ ఎవరికి వారు రాసుకోగలిగారు.

కమాండ్లకు పొట్టి పేర్లు పెట్టే ఫైలు మరీ తేలిక. ఎల్ అంటే లైన్, సి అంటే సర్కిల్, సి ముందే పోయింది కనుక కాపీకి సిఓ. ఇంగ్లిషు మాటకు తగ్గట్టు పెట్టిన పేర్లివి, చేతికి తగ్గట్టు కాదు. ఎల్, ఓ, ఎం మీటలన్నీ కుడి పక్కనే. వాటి కోసం ఎడమ చేయి కీబోర్డు దాటి వెళ్లాలి, లేదా కుడి చేయి మౌసు వదలాలి. చేయి తిరిగినవాడు నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైలు తెరిచి మూవ్, కాపీ, ఆఫ్‌సెట్ మూడింటినీ ఎడమ పక్క మీటలకు లాక్కొచ్చుకుంటాడు. ఎంటర్‌కు బదులు స్పేస్‌బార్ ఎటూ బొటనవేలి కిందే ఉంది. మనిషి పని చూడాలంటే తెర వైపు కాదు, ఆ వేళ్ల వైపు చూడాలి.

1991లో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పెట్టి ఇంజనీరింగ్ డిజైన్, మ్యాపుల పనిని ఇక్కడికి తెచ్చారు. ఇప్పుడది సైయెంట్. జిల్లాల్లో మాత్రం క్యాడ్ బతుకుతెరువు ఎక్కువగా ఇంటి ప్లానే. మేస్త్రీ అడుగులు, ఇంచుల్లో మాట్లాడతాడు. భవన నిర్మాణ నిబంధనల మీద 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 సెట్‌బ్యాక్‌లను, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన జాగాను, మీటర్లలో లెక్కగడుతుంది. ఈ రెంటి మధ్య తిరిగే మనిషికి సొంత కమాండ్ సోకు కాదు, అక్కర.

ఆ తర్వాత ఖాళీ గళ్లలోకి సర్కారు కూడా వచ్చింది. 2016లో హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఆటోక్యాడ్‌కు తగిలించుకునే ప్రీడీసీఆర్ మెనూ ఆర్కిటెక్టుల తెర మీదికెక్కింది. ప్లాటు హద్దు ఒక లేయర్‌లో, రోడ్డు ఇంకో దాంట్లో, అంతస్తు మరో దాంట్లో, ప్రతిదానికీ ముందే రాసిన పేరు. గీత కొస కొసతో కలవకపోతే పరిశీలించే సాఫ్ట్‌వేర్ దాన్ని గదిగా ఒప్పుకోదు. సొంత పేర్లతో ఏళ్ల తరబడి లేయర్లు అల్లుకున్నవాళ్లు ఇక్కడ గొణిగితే తప్పు పట్టలేం. కానీ మనిషి కొలిస్తే రోజులు పట్టే సెట్‌బ్యాక్‌ల లెక్కను యంత్రానికి అప్పగించాలంటే అందరి గీతలూ ఒకే పేరు మోయక తప్పదు. వాకర్ బృందం వదిలిన తలుపు గుండానే ఇదీ లోపలికొచ్చింది.

చవక రకం కొన్నవాళ్లకు మాత్రం ఆ తలుపు చాలాకాలం మూసే ఉంది. 1993లో వచ్చిన ఆటోక్యాడ్ ఎల్‌టీలో మెనూ, పొట్టి పేర్లు మార్చుకోవచ్చు, ఆటోలిస్ప్ నడవదు. తక్కువ డబ్బు పెట్టినవాడికి సొంత కమాండ్ రాసుకునే అర్హత ఎందుకు లేదో కంపెనీ లెక్కలకే తెలియాలి. 2023లో వచ్చిన ఎల్‌టీ 2024తో అందులోనూ లిస్ప్ నడవడం మొదలైంది. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో జాన్ వాకర్ చనిపోయాడు.