స్కీయింగ్‌కు వెళ్తున్నారా? ముందు బైండింగ్ చూసుకోండి.. సీజన్‌కు గేర్ రెడీ చేసుకునే పద్ధతి ఇదే

రామాయంపేట మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరం వైపు వెళ్తూనే ఉంటే కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పూర్, ఢిల్లీ, జమ్మూ దాటాక శ్రీనగర్ వస్తుంది. అక్కడి నుంచి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో గుల్‌మార్గ్. మన దేశంలో స్కీయింగ్‌కు పెట్టింది పేరు. అంటే మెదక్ జిల్లా మీదుగా పోయే రోడ్డే మంచు కొండల దగ్గరి దాకా వెళ్తుందన్నమాట.

మన దగ్గర మంచు అంటే పొద్దున్నే హైవే మీద కమ్ముకునే పొగమంచు. చలి అంటే స్వెటర్, మంకీ క్యాప్, వాకిట్లో చలిమంట. అక్కడ మంచు అంటే మోకాళ్ల లోతు. డిసెంబర్ నుంచి మార్చి వరకు గుల్‌మార్గ్, ఔలి, మనాలీ దగ్గరి సోలాంగ్‌కు సెలవుల్లో వెళ్లే తెలుగువాళ్లు ఉన్నారు. అమెరికా, కెనడాలో చదువుకుంటూ, ఉద్యోగాలు చేస్తూ వీకెండ్‌లో స్కీయింగ్, స్నోబోర్డింగ్ నేర్చుకుంటున్నవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ ఓ విషయం కామన్. మంచులో పుట్టి పెరగలేదు కాబట్టి గేర్‌లో ఏది చూసుకోవాలో ఇంట్లో చెప్పేవాళ్లు ఉండరు. అందుకే సీజన్‌కు ముందు ఏం చేయాలో ఓసారి చూద్దాం.

స్కీ వేరు.. స్నోబోర్డ్ వేరు

స్కీ అంటే రెండు కాళ్లకు రెండు పొడవాటి పలకలు. చేతుల్లో రెండు కర్రలు. స్నోబోర్డ్ అంటే రెండు కాళ్లూ ఒకే పలక మీద. రెండింటిలోనూ బూటును పలకకు పట్టి ఉంచే భాగాన్ని బైండింగ్ అంటారు. పని మాత్రం ఒకటి కాదు. స్కీ బైండింగ్ పడిపోయినప్పుడు బూటును వదిలేయాలి. స్నోబోర్డ్ బైండింగ్ వదలదు, కాళ్లు బోర్డుకే ఉంటాయి. స్కీయింగ్‌లో మోకాలి గాయాలు, స్నోబోర్డింగ్‌లో మణికట్టు గాయాలు ఎక్కువ. స్నోబోర్డ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు రిస్ట్ గార్డ్స్ తప్పనిసరి అనుకోవడమే మంచిది.

అన్నింటికన్నా ముఖ్యం బైండింగ్

బోరు మోటార్‌కు ఫ్యూజ్ ఎందుకుంటుందో రైతులకు చెప్పక్కర్లేదు. లోడ్ ఎక్కువైతే ఫ్యూజ్ పోతుంది, మోటార్ బతుకుతుంది. మాటిమాటికీ పోతోందని మందం తీగ చుడితే ఫ్యూజ్ నిలుస్తుంది, మోటార్ కాలిపోతుంది. స్కీ బైండింగ్ కూడా అంతే. పడినప్పుడు అది ఊడితే కాలు దక్కుతుంది. ఊడకపోతే ఆ పొడవాటి పలక తిరిగిన వైపే మోకాలూ తిరుగుతుంది. లిగమెంట్ తెగడం, కాలి ఎముక విరగడం అప్పుడే జరుగుతాయి.

ఈ ఊడే బలాన్ని 'డిన్' అనే నంబర్‌తో సెట్ చేస్తారు. బరువు, ఎత్తు, వయసు, బూటు సోల్ పొడవు, స్కీయింగ్‌లో ఎంత దూకుడుగా వెళ్తారు.. ఈ ఐదూ చూసి లెక్క కడతారు. నంబర్ పెద్దదైతే గొప్ప స్కీయర్ అని కాదు. బిగుతుగా ఉంటే భద్రం అనుకుని స్క్రూడ్రైవర్‌తో సొంతంగా తిప్పడం అసలు చేయొద్దు. నంబర్ పెట్టాక నిజంగా అక్కడే ఊడుతోందా లేదా అని షాపులో మెషీన్ మీద పరీక్షిస్తారు. స్ప్రింగ్ పాతబడితే అంకె ఒకటి చూపిస్తూ బలం మరోలా ఉండొచ్చు. కాబట్టి ఏటా సీజన్‌కు ముందు ఈ టెస్ట్ చేయించాలి.

గేర్ అద్దెకు తీసుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. కౌంటర్‌లో బరువు అడిగితే మొహమాటపడి తగ్గించి చెప్పొద్దు. రానిదాన్ని వచ్చని చెప్పొద్దు. ఆ జవాబులతోనే నంబర్ పెడతారు. ఏమీ అడక్కుండా స్కీలు చేతికిచ్చేస్తుంటే మీరే ఆగి అడగండి.

బూట్లు: రెండు జతల సాక్స్ వద్దు

చలి కదా అని రెండు మూడు సాక్స్ తొడుక్కోవడం మనవాళ్లు చేసే మొదటి పొరపాటు. సాక్స్ ఎక్కువైతే పాదం నొక్కుకుపోయి రక్తం సరిగా ఆడదు. కాళ్లు ఇంకా చల్లబడతాయి. ఉన్ని లేదా సింథటిక్‌తో చేసిన పలుచటి పొడవు సాక్స్ ఒక్క జత చాలు.

స్కీ బూటు సైజును పాదం పొడవుతో, సెంటీమీటర్లలో చెబుతారు. 26 సెంటీమీటర్ల పాదానికి 26 సైజు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగాన్ని కాస్త తాకాలి. మోకాళ్లు ముందుకు వంచితే వెనక్కి రావాలి. ఇంట్లో ఏళ్ల తరబడి పడి ఉన్న బూట్లయితే మరింత జాగ్రత్త. ప్లాస్టిక్ పెళుసెక్కి కొండ మీదే పగిలే ప్రమాదం ఉంది. పగుళ్లు, అరిగిన సోల్, ఊడిన బకిల్స్ చూసుకోవాలి. నడవడానికి వీలుగా ఉండే గ్రిప్‌వాక్ సోల్ బూట్లు అన్ని బైండింగ్‌లకూ పట్టవు. బూటు మారిస్తే బైండింగ్ మళ్లీ సెట్ చేయించాల్సిందే.

అంచులు, అడుగు భాగం, మైనం

పలక రెండు వైపులా ఉక్కు అంచులుంటాయి. గట్టి మంచు మీద మలుపు తిరగాలన్నా, ఆగాలన్నా ఆ అంచులే ఆధారం. తడితో పెట్టేస్తే తుప్పు పడుతుంది. పైపై తుప్పు రబ్బరు రాయితో రుద్దితే పోతుంది. మొద్దుబారితే ఫైల్‌తో పదును పెట్టాలి. కొత్తవాళ్లు ఈ పని షాపుకే వదిలేయడం మేలు.

అడుగు భాగంలో గీతలు, గుంతలు పడితే ప్లాస్టిక్ కరిగించి పూడుస్తారు. తర్వాత మైనం. అడుగు తెల్లగా పొడిబారినట్టు కనిపిస్తే మైనం అయిపోయిందని అర్థం. వేడి ఇస్త్రీతో మైనం కరిగించి, చల్లారాక ప్లాస్టిక్ పలకతో గీకి, నైలాన్ బ్రష్‌తో రుద్దాలి. ఇంట్లో బట్టల ఇస్త్రీపెట్టె వాడితే వేడి ఎక్కువ తక్కువై అడుగు కాలిపోవచ్చు. పోయిన సీజన్ చివర భద్రం కోసం పూసిన మందపాటి మైనాన్ని గీకేయకుండా మంచు మీదికి వెళ్తే స్కీ జారదు. పాత డబ్బాల్లోని ఫ్లోరిన్ మైనాలకు దూరంగా ఉండాలి. వేడి చేసినప్పుడు వచ్చే పొగ హానికరం. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి పోటీల్లో వీటిని పూర్తిగా నిషేధించింది.

స్నోబోర్డ్‌కు కూడా అంచులు, మైనం పని ఇదే. అదనంగా బైండింగ్ స్క్రూలు వదులయ్యాయేమో, పట్టీలు చీలాయేమో చూడాలి.

హెల్మెట్, గాగుల్స్, బట్టలు

బైక్ హెల్మెట్ ఇక్కడ పనికిరాదు. స్కీ హెల్మెట్ కొనేటప్పుడు లోపలి స్టిక్కర్ మీద ఈఎన్ 1077 లేదా ఏఎస్‌టీఎం ఎఫ్ 2040 అని ఉందో లేదో చూడండి. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి.

కొత్త మంచు మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకే వస్తాయి. అందుకే మబ్బు ఉన్నా గాగుల్స్, సన్‌స్క్రీన్ ఉండాల్సిందే. గాగుల్స్ లోపలి వైపు గుడ్డతో తుడిస్తే పొగమంచు పట్టకుండా ఉండే పూత పోతుంది. ఇక ఒంటికి కాటన్ బనియన్ వద్దు. చెమటకు తడిసి ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తుంది. లోపల చెమట లాగే పొర, మధ్యలో వెచ్చటి పొర, పైన నీరు దిగని జాకెట్.. ఈ మూడూ ఉండాలి.

సెకండ్‌హ్యాండ్ కొంటున్నారా?

విదేశాల్లో చదివే విద్యార్థులు ఎక్కువగా పాత గేర్‌నే కొంటారు. తప్పు లేదు. కానీ కొనేముందు బైండింగ్ మోడల్ పేరు షాపులో చెప్పి, దాన్ని ఇంకా సెట్ చేస్తారా అని అడగాలి. తయారీ కంపెనీ తన జాబితా నుంచి తీసేసిన మోడల్‌ను చాలా షాపులు ముట్టుకోవు. చవకగా వచ్చిన స్కీలకు కొత్త బైండింగ్ ఖర్చు తోడైతే చవక కాస్తా మాయమవుతుంది.

మార్కింగ్ దాటి వెళ్తే..

గుల్‌మార్గ్ కేబుల్ కారు రెండో దశలో అఫర్వాట్ కొండ మీద దాదాపు 3,900 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అక్కడ హద్దులు దాటి వెళ్తే హిమపాతాల ముప్పు ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఓ రష్యన్ స్కీయర్ అలాగే చనిపోయారు. ఆ వైపు వెళ్లేవాళ్ల దగ్గర సిగ్నల్ పంపే బీకన్, పొడవాటి ప్రోబ్, పార ఉండాలి. బీకన్‌లో కొత్త బ్యాటరీలు వేసుకోవాలి. కొత్తవాళ్లయితే ఆ వైపే వెళ్లొద్దు. గుల్‌మార్గ్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ స్కీయింగ్ కోర్సులు నడుపుతాయి. ముందు అక్కడ నేర్చుకోవచ్చు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

సొంత గేర్ ఉన్నవాళ్లు మంచు పడకముందే, నెల రోజుల ముందు బయటకు తీయాలి. సీజన్ మొదలయ్యాక షాపుల్లో రద్దీ ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు ఏదీ కొనక్కర్లేదు. సాక్స్, గ్లౌజులు, గాగుల్స్ తప్ప మిగతావన్నీ అద్దెకు దొరుకుతాయి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కీయింగ్ గాయాలకు కవర్ ఉందో లేదో చదవండి. చాలా పాలసీల్లో దానికి విడిగా కట్టాలి. టైమ్ లేక అన్నీ చూసుకోలేకపోయినా, బైండింగ్ ఒక్కటి మాత్రం టెస్ట్ చేయించకుండా కొండ ఎక్కొద్దు.